పాత ఫ్లాట్‌ను గది గదిగా సొంతంగా బాగుచేసుకోవాలంటే: ముందు ఏ గది, ఎంతవరకు మన పని?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. 30 ఏళ్ల పాత బిల్డింగ్‌లో రెండు పడకగదుల ఫ్లాట్ కొన్నారు, అందులోనే ఉంటున్నారు. ఒకేసారి ఇల్లంతా ఖాళీ చేసి పని చేయించే డబ్బు చేతిలో లేదు, వేరే చోట అద్దెకుండే ఓపికా లేదు. అందుకని శని, ఆదివారాల్లో మీరే ఒక్కో గదీ చేసుకుంటూ రెండు మూడేళ్లలో ముగిద్దామనుకుంటున్నారు. డ్రిల్లు పట్టుకోవడం తప్ప ఇంకేమీ రాదన్నారు. ముందు ఏ గది మొదలుపెట్టాలి, ఏ పనులు మనం చేసుకోవచ్చు, పాత టైల్స్ మీదే కొత్తవి వేయొచ్చా, పాత తలుపులు ఉంచుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

నేను మేస్త్రినీ కాదు, సివిల్ ఇంజనీరునీ కాదు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. మూడేళ్లనుకుని మొదలుపెట్టి మా ఫ్లాట్‌ను ఐదేళ్లకు ముగించాను. తర్వాత బంధువులవి రెండు ఫ్లాట్లలో చేయి వేశాను. కింద రాసినదాంట్లో చాలా భాగం ముందు తప్పు చేసి తర్వాత తెలుసుకున్నదే.

గది గదిగా చేయడం మంచి ఆలోచనే. కానీ గదులు విడివిడిగా ఉంటాయి గానీ వైర్లు, పైపులు, నేల మట్టం విడివిడిగా ఉండవు. పడకగదిలో ఏసీ పాయింటుకి పోయే వైరు హాలు గోడలోంచి వస్తుంది. వంటగది సింకు నీళ్లు బాత్రూము వెనక షాఫ్టులోకి (అన్ని అంతస్తుల పైపులూ దిగే నిలువు సందు) దిగుతాయి. హాల్లో నేల అర అంగుళం లేస్తే ఆ అర అంగుళం ప్రతి గుమ్మం దగ్గరా కనబడుతుంది. అందుకే పని ఎంత నిదానంగా చేసినా పర్వాలేదు గానీ, గది దాటి గదిలోకి పోయే వాటి గురించిన నిర్ణయాలన్నీ మొదటి సుత్తి దెబ్బకు ముందే, ఇల్లు మొత్తానికీ కలిపి తీసుకోండి. నేను అలా చేయలేదు. ఏమైందో చెబుతాను.

మొదట చిన్న పడకగదిలో పాత టైల్స్ మీదే కొత్తవి వేశాను. 9 మిల్లీమీటర్ల టైలు, కింద 4 మిల్లీమీటర్ల గమ్ (టైల్స్ అంటించే జిగురు), మొత్తం 13. తలుపు అడుగు కాస్త కోశాను, సరిపోయింది. ఆ ఉత్సాహంలో రెండో పడకగదీ అలాగే చేసేశాను. ఏడాదిన్నర తర్వాత హాలు దగ్గరికి వచ్చేసరికి అక్కడ పాత టైల్స్ సగం డొల్లగా ఉన్నాయి. పగలగొట్టక తప్పలేదు. కొత్తవి పడకగదుల మట్టానికి తెద్దామంటే బాల్కనీ గుమ్మం అడ్డం వచ్చింది. హాలు 13 మిల్లీమీటర్లు లేస్తే బాల్కనీ గడప దాదాపు హాలుతో సమానమైపోతుంది, గాలివాన వస్తే నీళ్లు లోపలికే. చివరికి హాలు పాత మట్టానికే వేసి, రెండు పడకగదుల గుమ్మాల దగ్గర వాలు పట్టీలు పెట్టాను. రాత్రిపూట నీళ్లకని లేచినవాళ్ల కాలి వేళ్లు ఇప్పటికీ వాటికి తగులుతుంటాయి.

ఇది తప్పించుకోవాలంటే ముందు ఇల్లంతా ఒక గీత గీయాలి. లేజర్ లెవెల్ ఉంటే సరే. లేకపోతే మేస్త్రులు మట్టం చూసే పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు చాలు. బుడగ లేకుండా దాంట్లో నీళ్లు నింపి చెరో కొసా ఇద్దరు పట్టుకుంటే, మధ్యలో ఎన్ని గోడలున్నా రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలబడతాయి. వీధి గుమ్మం దగ్గర నేల నుంచి సరిగ్గా ఒక మీటరు ఎత్తున గుర్తు పెట్టి, ఆ మట్టాన్ని పెన్సిల్‌తో ప్రతి గదిలోకీ, బాల్కనీ గుమ్మం దాకా తీసుకెళ్లండి. తర్వాత ఆ గీత నుంచి కిందికి నేలదాకా టేపు పెట్టి కొలవండి. గదికి నాలుగు మూలలు, మధ్యలో ఒకటి. మాకు వీధి గుమ్మం దగ్గర 100 సెంటీమీటర్లు ఉన్నది వంటగది చివర 102.2 వచ్చింది. అంటే 22 మిల్లీమీటర్ల పల్లం. అందులో అన్నేళ్లు నడిచినా మాకెవరికీ అనుమానమే రాలేదు. ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద ఫ్లాట్ ప్లాను గీసి రాసుకోండి. కొత్త నేల ఏ మట్టానికి రావాలో బాల్కనీ గడప, వీధి గుమ్మం, బాత్రూము గడప చెబుతాయి. మిగతా గదులు వాటికి లోబడాలి.

టైల్స్ మీద టైల్స్ సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. మట్టం ఒప్పుకుంటే వేయొచ్చు. అయితే ముందు ప్రతి పాత టైలునూ చెక్క పిడితో తట్టి చూడండి. గట్టిగా పలికితే సరే, డొల్లగా పలికితే సుద్దతో గుర్తు పెట్టండి. అక్కడక్కడా రెండు మూడైతే వాటిని తీసి పూడ్చుకోవచ్చు. గదిలో పావు వంతు సుద్ద గుర్తులే ఉంటే మొత్తం తీసేయడమే మేలు, కింద పట్టు లేనిదాని మీద కొత్తది ఎంత బాగా అంటించినా లాభం లేదు. అంటించే ముందు పాత నునుపును గీరి, జిడ్డు కడిగేయాలి. టైల్ మీద టైల్‌కి పనికొస్తుందని ప్యాకెట్ మీద ఉన్న పాలిమర్ గమ్మే వాడాలి. ఉత్త సిమెంటు నునుపైన టైలును పట్టుకోదు. బరువు కూడా చూసుకోండి. నివాస గదుల శ్లాబుల్ని మామూలుగా మనుషులకీ సామానుకీ కలిపి చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. గమ్‌తో వేసిన టైలు చదరపు మీటరుకి సుమారు 25 నుంచి 30 కిలోలు. అదే 5 సెంటీమీటర్ల మందాన సిమెంటు పొర పోసి వేస్తే 100 కిలోలు దాటుతుంది, శ్లాబు ఓపికలో సగం అక్కడే పోయినట్టు. పాతది తీయకుండా పైన మందంగా పోయడం అందుకే వద్దంటాను.

టైల్స్ ఎంచుకున్నాక, వాటిని వాడబోయే గదులన్నిటికీ సరిపడా ఒకేసారి కొనండి. గదికోసారి కొందాములే అనుకుంటే రెండో గదికి ఆ మోడల్ ఉండదు. ఉన్నా బ్యాచ్ మారుతుంది. పెట్టె మీద షేడ్ నంబరు, సైజు కోడ్ ఉంటాయి, అన్ని పెట్టెల మీదా ఒకటేనా అని చూసుకోండి. పేరు అదే అయినా బ్యాచ్ మారితే రంగు కాస్త తేడాగా ఉంటుంది, పక్కపక్కన వేసినప్పుడే అది బయటపడుతుంది. తిన్నగా వేస్తే 10 శాతం, ఏటవాలుగా వేస్తే 15 శాతం ఎక్కువ తీసుకుని, మిగిలిన ఒక పెట్టెను మంచం కింద దాచండి. ఎప్పుడో ఒక పైపు లీకై నాలుగు టైల్స్ పగలగొట్టాల్సి వస్తే అదే ఆదుకుంటుంది. ఈ డబ్బు ముందే పెట్టాలా అని బాధగానే ఉంటుంది, కానీ తప్పదు.

వైరింగ్‌కీ ఇదే పద్ధతి. బోర్డులో ఒక్కో ఎంసీబీ (ఒక్కో లైనుకి కరెంటు ఆపే స్విచ్) దింపుతూ ఇంట్లో ఏ లైటు ఆరింది, ఏ ప్లగ్ చచ్చింది అని రాసుకోండి. ఒక సాయంత్రం పని. పాత ఫ్లాట్లలో వంటగది సగం, హాలు సగం కలిసి ఒకే లైను మీద ఉండటం మామూలే. ఆ మ్యాపు చేతిలో పెట్టుకుని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ఇల్లు మొత్తానికీ ఒకేసారి ప్లాను వేయించండి. బోర్డు నుంచి ప్రతి గది గుమ్మం దాకా వైర్లు పోయే కొత్త పైపులు ముందే వేయించి, చివర ఒక్కో పెట్టె పెట్టి మూత బిగించేయండి. ఆ గది వంతు రెండేళ్లకు వచ్చినా అక్కడినుంచి లోపలికి లాగితే సరిపోతుంది, రంగు వేసిన హాలు గోడకు మళ్లీ గాడి కొట్టక్కర్లేదు. బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్) లేకపోతే అది ఇవాళే పెట్టించండి, ఏ గది వంతూ రాకముందే.

ఇక గోడల సంగతి. ఫ్లాట్‌లో లోపలి ప్లాస్టరు, రంగు, టైల్స్ మనవి. పిల్లర్లు, బీములు, శ్లాబు, బయటి గోడలు, షాఫ్టులోని పైపులు అందరివీ. ఏ గోడ తీయాలన్నా, గుమ్మం పెద్దది చేయాలన్నా ముందు అసోసియేషన్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగ్ అడగండి, తర్వాత ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి. తట్టి చూసి ఇది ఉత్త ఇటుక గోడే అని చెప్పేవాళ్లని నమ్మకండి. కొన్ని బిల్డింగుల్లో లోపలి గోడలు కూడా కాంక్రీటువే, బరువు మోసేవి వాటిలోనే ఉంటాయి. కొన్ని శ్లాబుల్లో బిగదీసిన ఉక్కు కేబుళ్లు ఉంటాయి, స్కాన్ చేయించకుండా అలాంటి శ్లాబులో లోతుగా డ్రిల్లు దింపితే కేబుల్ తెగే ప్రమాదం ఉంది. గోడ తీస్తే హాలు పెద్దగా కనబడుతుందనే ఒక్క కారణమైతే, నన్నడిగితే తీయకండి.

ఏ గది ముందన్నారు. చిన్న పడకగది. నీళ్ల పని ఉండదు, తలుపు వేసేస్తే దుమ్ము లోపలే ఉంటుంది, మొదటి గదిలో చేసే వంకరలు మంచం కిందో బీరువా వెనకో దాక్కుంటాయి. పూర్తయ్యాక మిగతా ఇంటి సామాను పెట్టుకోవడానికి ఒక శుభ్రమైన చోటు దొరుకుతుంది. తర్వాత రెండో పడకగది, ఆపైన బాత్రూము, వంటగది. హాలు నేల అన్నిటికన్నా చివర. ఇంట్లోంచి బయటికి పోయే ప్రతి ముక్కా హాలు మీదుగానే పోతుంది కాబట్టి, కొత్త నేల ముందే వేసుకుంటే దాని మీదే రాళ్ల బస్తాలు ఈడవాలి.

ఒక్కటే బాత్రూము ఉంటే మాత్రం దాన్ని వారాంతాలకు చీల్చకండి. పది పన్నెండు రోజులు సెలవు పెట్టి, ఎవరింట్లోనైనా ఉండి, మనుషుల్ని పెట్టి ఒక్క ఊపులో చేయించండి. ఇంట్లో ఉన్న ఒక్క కమోడ్ ఊడదీసి సోమవారం ఆఫీసుకి వెళ్లడం ఎలా ఉంటుందో నేను చూశాను. మళ్లీ చూడదలచుకోలేదు.

పగలగొట్టడం ఎంత పనో ఎవరూ ముందు చెప్పరు. 10 చదరపు మీటర్ల చిన్న గది తీసుకోండి. టైలు, కింద పాత సిమెంటు కలిపి 5 సెంటీమీటర్లు తీస్తే అర ఘనపు మీటరు, సుమారు ఒక టన్ను. 20 కిలోల చొప్పున 50 సంచులు. సిమెంటు సంచిని సగం లోపు నింపితేనే అంత బరువు, అంతకన్నా నింపితే నడుం పడుతుంది. ఆ 50 సంచులు మీ గదిలోంచి లిఫ్టులోకి, లిఫ్టులోంచి కిందికి, అక్కడినుంచి బండిలోకి పోవాలి. లిఫ్టులో ఇవి ఎక్కించనిస్తారా, ఏ వేళల్లో, ముక్కలు ఎక్కడ పోయాలి అన్నవి అసోసియేషన్‌తో ముందే తేల్చుకోండి. కుదరకపోతే బాల్కనీలో పేర్చి ఉంచుదామని మాత్రం అనుకోకండి. చదరపు మీటరుకి 200 కిలోల లెక్క మళ్లీ గుర్తు చేసుకోండి. నేను శుక్రవారం రాత్రి ఒక గంట, శనివారం పొద్దున మూడు గంటలు పగలగొట్టి, మిగతా వారాంతమంతా మోయడానికే పెట్టుకునేవాణ్ని.

దుమ్ము తక్కువదనుకోకండి. టైలు, కాంక్రీటు కోసినప్పుడు లేచే సన్నని సిలికా పొడి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. మూసిన గదిలో పొడిగా గ్రైండరు తిప్పకండి. నీళ్లతో కోయండి, లేదా వ్యాక్యూమ్ తగిలించిన మిషన్‌తో కోయండి. ఎన్95 మాస్కు కనీసం, ముక్కు పక్కన సందు లేకుండా. గుమ్మానికి పెద్ద ప్లాస్టిక్ షీటు టేపుతో అంటించి, కిటికీలో ఫ్యాన్ బయటికి ఊదేట్టు పెడితే గాలి ఇంట్లోంచి గదిలోకి పోతుంది గానీ గదిలోంచి ఇంట్లోకి రాదు. మీది 30 ఏళ్ల బిల్డింగ్ కాబట్టి పాత పెయింటులో సీసం ఉండొచ్చు, పాత సీలింగు షీట్లలో, వినైల్ నేలలో, దాని కింది జిగురులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గీకడానికి, పగలగొట్టడానికి ముందు చిన్న ముక్క పరీక్షకు పంపండి. ఉందని తేలితే అది మన పని కాదు.

పక్కవాళ్లూ కిందివాళ్లూ ఉన్నారు. హ్యామర్ డ్రిల్లు చప్పుడు శ్లాబులో పాకి, మూడు అంతస్తుల పైన ఉన్నవాళ్లకి కూడా పక్క గదిలో కొడుతున్నట్టే వినబడుతుంది. రోజుకి అరగంట చొప్పున నెలంతా కొట్టడం కన్నా, ముందే చెప్పి ఒక రోజంతా కొట్టేసి ఊరుకుంటే వాళ్లు ఎక్కువ ఓర్చుకుంటారు. లిఫ్టు దగ్గర తేదీ, వేళలు, మీ ఫోన్ నంబరు రాసి ఒక కాగితం అంటించండి. మాకు వచ్చిన ఫిర్యాదులన్నీ కాగితం అంటించని రోజులవే. ఒకవేళ కార్పెట్టు తీసి చెక్క పలకలో వినైలో వేస్తుంటే అడుగుల చప్పుడు కిందికి పోతుంది. చాలా అసోసియేషన్లు దీనికి కింద పరిచే మెత్తటి పొర (అండర్‌లే) తప్పనిసరి చేస్తాయి. గోడ చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల సందు వదిలి స్కర్టింగ్‌తో (గోడ అడుగున బిగించే పట్టీ) కప్పండి. నేల గోడకి తగిలితే చప్పుడు గోడలోకి ఎక్కుతుంది, ఉబ్బినప్పుడు పలకలూ లేస్తాయి.

నీళ్ల పని దగ్గరికి వద్దాం. ఇక్కడే నేను అన్నిటికన్నా ఎక్కువ మూల్యం చెల్లించాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం వంటగదిలో సింకు కింద పాత కుళాయి మారుద్దామని కూర్చున్నాను. ఫ్లాట్ మెయిన్ వాల్వ్ కట్టాను, చక్రం చివరిదాకా తిరిగింది. కుళాయి తిప్పితే నీళ్లు సన్నగా వచ్చి ఆగినట్టే అనిపించింది. ఊడదీశాను. నిజానికి అది పాత గేట్ వాల్వ్, లోపల బిళ్ల కాడ నుంచి ఊడిపోయి సగంలో ఇరుక్కుంది. చక్రం తిరుగుతోంది గానీ బిళ్ల కదలడం లేదు. పైపులోంచి నీళ్లు ఎగజిమ్మాయి. అరచేతితో మూసి పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి మొహం మీదికి కొట్టింది. బిల్డింగ్‌లో అన్ని ఫ్లాట్లకీ నీళ్లిచ్చే నిలువు పైపు వాల్వ్ ఎక్కడుందో, అది ఉన్న గది తాళం ఎవరి దగ్గరుందో నాకు తెలీదు. తాళం దొరికి నీళ్లు ఆగేసరికి 20 నిమిషాలు పట్టింది. అప్పటికి కింది ఫ్లాటు వంటగది సీలింగు మీద మరక పాకింది. వాళ్లు మంచివాళ్లు కాబట్టి కేకలేయలేదు. వాళ్ల సీలింగు ఆరడానికి నెల ఆగి, నేనే గీకి, ప్రైమర్ కొట్టి, రంగు వేసి ఇచ్చాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా ఆవిడ నిచ్చెన పట్టుకుని మరీ అంది.

అందుకని మీ ఫ్లాట్ మొత్తంలో మొదటి పని పడకగది కూడా కాదు, ఆ వాల్వులు. ప్లంబర్‌ను పిలిచి పాత గేట్ వాల్వులు తీయించి, పావు చుట్టు తిప్పితే మూసుకునే బాల్ వాల్వులు పెట్టించండి. పెట్టాక వాల్వ్ కట్టి, కుళాయి తెరిచి, కింద గ్లాసు పెట్టి పది నిమిషాలు ఆగండి. పైపులో మిగిలిన నీళ్లు దిగిపోయాక గ్లాసులో ఇంకో చుక్క పడకూడదు. ఆ నిలువు పైపు వాల్వ్ ఎక్కడ, తాళం ఎవరి దగ్గర అన్నది ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఆదివారం సాయంత్రం మాత్రం ఏ పైపూ విప్పకండి, వాషరు ఒకటి కావాలన్నా షాపు తెరిచి ఉండదు.

బాత్రూములో నీళ్లను ఆపేది టైలు కాదు, దాని సందుల్లో పూసే గ్రౌట్ కూడా కాదు. గ్రౌట్‌లోంచి తడి దిగుతూనే ఉంటుంది. ఆపేది కింద వేసే వాటర్‌ప్రూఫింగ్ పొర. ముందు నేలకి వాలు: ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే చోటు) వైపు మీటరుకి 1 నుంచి 2 సెంటీమీటర్లు. మూలలన్నిటికీ టేపు, ట్రాప్ చుట్టూ కాలరు (సందు మూసే పట్టీ). తర్వాత పొర రెండు కోట్లు. మొదటిది ఇటు నుంచి అటు, ఆరాక రెండోది దానికి అడ్డంగా, అప్పుడే బ్రష్షు వదిలేసిన సందులు మూతపడతాయి. నేల నుంచి గోడ మీదికి కనీసం 15 సెంటీమీటర్లు, షవరు దగ్గర 1.8 మీటర్ల దాకా ఎక్కించండి. డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వండి. చేతికి అంటడం లేదని తొందరపడొద్దు.

టైల్స్ వేయకముందే నీళ్లు కట్టి చూడాలి. ట్రాప్‌కు బిరడా బిగించి, గుమ్మం దగ్గర చిన్న గట్టు కట్టి, నాలుగు సెంటీమీటర్ల నీళ్లు నింపండి. నీటి అంచు దగ్గర గోడ మీద పెన్సిల్ గీత. కనీసం 24 గంటలు, వీలైతే 48. కొంత నీరు ఊరికే ఆవిరవుతుంది కాబట్టి మట్టం తగ్గితే అది ఆవిరా, లీకా అని అనుమానం వస్తుంది. ఒక వెడల్పాటి గిన్నెలో అంతే లోతు నీళ్లు పోసి అదే బాత్రూములో స్టూలు మీద పెట్టండి. గిన్నెలో ఎంత తగ్గిందో నేల మీదా అంతే తగ్గాలి. మొదటిసారి నా గిన్నెలో తేడా కనబడనే లేదు, నేల మీద మాత్రం తెల్లారేసరికి 6 మిల్లీమీటర్లు దిగింది. ట్రాప్ కాలరు ఒక పక్క సరిగ్గా అంటుకోలేదు. తీసి మళ్లీ వేశాను. ఒక రోజు పోయింది. టైల్స్ వేసేసి ఉంటే బాత్రూమంతా పోయేది. పరీక్షకు ముందూ తర్వాతా కిందివాళ్లనడిగి వాళ్ల సీలింగు ఫోటో తీసుకోండి. ఈ ఒక్క పనీ నిపుణుల చేత చేయించినా నేను తప్పుపట్టను, కానీ నీళ్లు కట్టి చూడటం మాత్రం మీరే దగ్గరుండి చూడండి.

టైల్స్ వేయడం నిజంగా నేర్చుకోదగ్గ పని. గది మూలలు లంబంగా ఉన్నాయో లేదో 3-4-5 కొలతతో చూడండి. మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు గుర్తు పెడితే ఆ రెంటి మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు రావాలి. నాకు తెలిసిన ఏ ఫ్లాట్‌లోనూ నాలుగు మూలలూ సరిగ్గా రాలేదు. గమ్ వేయకుండా ముందు ఒక వరస పొడిగా పేర్చి చూసుకుంటే, గుమ్మం దగ్గర రెండు అంగుళాల పీలిక ముక్క రాకుండా మొదలుపెట్టే చోటు జరుపుకోవచ్చు. పళ్ల తాపీతో గమ్ నేల మీద ఒకే దిక్కుగా గీసి, పెద్ద టైలైతే దాని వెనక కూడా పల్చగా రాయండి. ప్రతి పది టైల్స్‌కి ఒకటి వెంటనే ఎత్తి చూడండి, వెనక అంతా గమ్ అంటిందా లేదా తెలుస్తుంది. గోడా నేలా కలిసే మూలలో గ్రౌట్ కాకుండా సిలికాన్ వేయండి, గ్రౌట్ అక్కడ పగులుతుంది.

రంగుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గోడలో చెమ్మ అనుమానముంటే అర మీటరు చదరం ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించి ఒక రాత్రంతా వదిలేయండి. పొద్దున షీటు వెనక నీటి చెమట ఉంటే రంగు ఆపి ముందు కారణం వెతకండి. పుట్టీ పెట్టాక రాత్రి లైట్లార్పి, టార్చిని గోడకి ఆనించి పక్కనుంచి వెలుగు పారిస్తే ప్రతి గుంటా కనబడుతుంది.

కరెంటు పని సగం మనం, సగం ఎలక్ట్రీషియన్ అనుకోండి. లైటు మార్చడం, స్విచ్ మార్చడం మీ దేశంలో ఇంటివాళ్లు చేసుకోనిస్తే చేసుకోవచ్చు. కొత్త లైను, బోర్డు మాత్రం వాళ్లకే వదలండి. ఆ లైను ఎంసీబీ దింపాక టెస్టరును ముందు వేరే లైనులో కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూడండి, తర్వాత మీరు ముట్టుకునే చోట, మళ్లీ మొదటి చోట. టెస్టరే చచ్చి ఉంటే రెండోది చూసి మోసపోతాం. గ్యాసు పైపు, షాఫ్టు పైపులు, ఎత్తున బయటి కిటికీలు, వీటి జోలికి అసలు పోకండి.

గోడలు మూసే ముందు ఫోటోలు తీయండి. ఉత్త ఫోటో కాదు, గోడకి టేపు ఆనించి అంకెలు కనబడేట్టు. ఒకటి నేల నుంచి, ఒకటి మూల నుంచి. రెండేళ్ల తర్వాత వంటగదిలో కప్‌బోర్డు బిగించడానికి డ్రిల్లు పెట్టబోయి ఆ ఫోటో తీసి చూశాను. మూల నుంచి 64 సెంటీమీటర్ల దగ్గర వేడినీళ్ల పైపు. నేను పెన్సిల్ గుర్తు పెట్టింది 63 దగ్గర.

పనిముట్లు ఒకేసారి కొని పడేయకండి. లేజర్ లెవెల్, మంచి డ్రిల్లు, దుమ్ము లాగే వ్యాక్యూమ్, మోకాలి ప్యాడ్లు కొనుక్కోండి. పగలగొట్టే పెద్ద హ్యామర్ అద్దెకు తెచ్చుకోండి. డబ్బులో ఐదో వంతు పక్కన పెట్టి, అది లేదనుకోండి. పాత గోడ తెరిస్తే ఏదో ఒకటి బయటపడుతుంది, అప్పుడు అది కావాల్సి వస్తుంది.

టైం గురించి నిజం చెప్పాలంటే, నా మొదటి పడకగదికి నాలుగు వారాంతాలనుకుంటే పదకొండు పట్టాయి. అందులో చివరి నాలుగూ స్కర్టింగ్, స్విచ్ ప్లేట్లు, గుమ్మం పట్టీ, సిలికాన్, రంగు మరకలు తుడవడానికే. గది 90 శాతం అయ్యాక అందులో పడుకోవచ్చు కాబట్టి పడుకుంటాం, తర్వాతి గది పగలగొట్టాలని చేతులు దురదపెడతాయి. అలా మూడు గదులు 90 శాతం దగ్గర ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు. ఆఖరి స్విచ్ ప్లేటు ఆఖరి స్క్రూ బిగించేదాకా పక్క గదిలో సుత్తి ఎత్తకూడదని మా ఆవిడ రూలు పెట్టింది. అప్పుడు కోపం వచ్చింది గానీ, ఇల్లు పూర్తయింది ఆ రూలు వల్లే. ఇంకొకటి, ఎప్పుడూ ఒక గది దుమ్ము లేకుండా ఉంచుకోండి. మంచం, బట్టలు, చదువుకునే బల్ల అందులో. చెప్పులతో, పనిముట్లతో ఎవరూ రాకూడదు. ఇల్లు కట్టి చూడమన్నవాళ్లు, ఉంటున్న ఇంటినే తవ్వి చూడమని అనలేదు. ఆ ఒక్క గది లేకపోతే ఆరు నెలల్లో ఇద్దరూ మాట్లాడుకోవడం మానేస్తారు.

చివరగా పాత తలుపులు. గట్టి కర్ర చట్రాలు, తలుపులు అయితే మార్చకండి, చెద, కుళ్లు లేవని చూసుకుని రంగు గీకి (సీసం పరీక్ష అయ్యాకే) మళ్లీ వేసుకోండి. నేల మట్టం పెరిగితే అడుగు ఎంత కోయాలో కొత్త నేల పూర్తయ్యాకే కొలవండి, ముందే కోస్తే ఎప్పుడూ ఎక్కువే కోస్తాం. లోపల బోలుగా ఉండే ఫ్లష్ డోరైతే అడుగున కర్ర పట్టీ ఎంత వెడల్పుందో చూడకుండా రంపం పెట్టకండి. పట్టీ దాటి కోస్తే అడుగున బోలు బయటపడి, తడి తగిలి తలుపు విచ్చుకుంటుంది. తలుపులు ఊడదీసేటప్పుడు ఏది ఏ గుమ్మానిదో పై అంచు మీద పెన్సిల్‌తో రాసుకోండి. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి గానీ, ఒకదాని బందులు ఇంకో గుమ్మానికి కుదరవు.